పళ్ళెం అంచు మీద బతుకులు

మా మనవరాలు వేసవి సెలవులకి కూచిపూడి వచ్చినప్పుడల్లా రంగు పెన్సిళ్ళ పెట్టె వెంట తెచ్చుకుంటుంది. వీధి వసారాలో బోర్లా పడుకుని బొమ్మలు గీస్తూ కూచుంటే సాయంత్రం దాకా దాని జోలికి ఎవరూ వెళ్ళక్కర్లేదు. మొన్న వేసవిలో ఒకనాడు, బయట ఎండ నిప్పులు చెరుగుతూంటే, ఒక తెల్లటి మంచుగడ్డా, దాని మీద ఓ తెల్ల ఎలుగుబంటీ, ఆ ఎలుగు భుజాన చెయ్యి వేసుకుని నించున్న పెంగ్విన్ పక్షీ గీసి తెచ్చి నా ముందు పెట్టింది.

"బొమ్మ ముచ్చటగా వుందే తల్లీ. కాని వీళ్ళిద్దరూ పుట్టి బుద్ధెరిగాక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకోలేదు" అన్నాను.

"అదేమిటమ్మమ్మా?"

"ఎలుగుబంటిది ఉత్తర ధ్రువం. పెంగ్విన్లది దక్షిణాది. మధ్యలో భూగోళమంతా వుంది. మన కూచిపూడి కూడా ఆ మధ్యలోనే వుంది."

అది కాసేపు పెన్సిలు కొరుకుతూ ఆలోచించింది. "పోనీ, నేల మీద పుట్టి నీళ్ళలో వేటాడే జంతువు మన దగ్గరేం లేదా?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. తెలియక కాదు. ఆ ముందు వారమే దివిసీమ నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు. వాడికి నాగాయలంక అవతల రెండు రొయ్యల చెరువులూ, ఒక చేపల చెరువూ వున్నాయి. "అక్కా, రాత్రిళ్ళు చెరువు గట్టు మీద ఏదో పిల్లి తిరుగుతోంది. మామూలు పిల్లి కాదు, కుక్కపిల్లంత వుంది. నీళ్ళలోకి దూకి మరీ చేపల్ని ఎత్తుకుపోతోంది. గట్టు చుట్టూ కరెంటు తీగ లాగిద్దామనుకుంటున్నా" అన్నాడు. "తొందరపడకురా, నేనొకసారి వచ్చి చూస్తాను" అన్నాను గాని, నా మాట వాడికి ఆనిందో లేదో తెలియదు.

అంచేత మనవరాలి ప్రశ్నకి జవాబు చెప్పడమంటే రెండు కథలు చెప్పడమే. ఒకటి ప్రపంచం నెత్తి మీద కూచున్న తెల్ల ఎలుగు కథ. రెండోది మన కృష్ణమ్మ పాదాల దగ్గర తిరిగే పిల్లి కథ. ఇంత దూరపు చుట్టరికం ఎలా కుదురుతుందీ అంటారా? కాస్త ఓపిక పట్టండి.

* * *

తెల్ల ఎలుగు కథ లండను నగరంలో మొదలెడతాను. 1252వ సంవత్సరం. ఇంగ్లండు రాజు మూడవ హెన్రీకి ఓ తెల్ల ఎలుగుబంటి కానుకగా వచ్చింది. పంపినవాడు నార్వే రాజు హాకోన్ అని చరిత్రకారుల మాట. రాజుగారికి కానుక పుచ్చుకోవడం సులువే, తిండి పెట్టడమే కష్టం. రోజుకి నాలుగు పెన్నీలు దాని ఖర్చుకి ఇమ్మని నగరాధికారులకి ఉత్తరువిచ్చారు. అదీ చాలలేదు కాబోలు, దాని మూతికి చిక్కం, మెడకి గొలుసు, పొడుగాటి గట్టి తాడు కూడా సిద్ధం చెయ్యమన్నారు. ఎందుకంటే ఆ ఎలుగు కోటలోంచి బయటికి వచ్చి, థేమ్స్ నదిలో దిగి, తన చేపలు తనే పట్టుకునేదట! వంటింటి ఖర్చు తగ్గించే ఉపాయం రాజులకీ తెలుసన్నమాట. నది ఒడ్డున తాడు పట్టుకున్న నౌకర్లు, నీళ్ళలో ఈదులాడుతున్న తెల్ల ఎలుగు, చూడ్డానికి మూగిన జనం! ఎంత తమాషాగా వుండేదో వూహించుకోండి.

అదే కాలంలో మన దగ్గర ఏం జరుగుతోంది? ఓరుగల్లులో కాకతీయ గణపతిదేవ మహారాజు పరిపాలన. ఆయన అంతకు ముందే దివిసీమని గెలిచి, అక్కడి అయ్య వంశపు ఆడపడుచులు నారమ, పేరమలని పెళ్ళాడాడు. వాళ్ళ సోదరుడు జాయపని తీసుకెళ్ళి గజసైన్యానికి అధిపతిని చేశాడు. ఏనుగుల్ని నడిపిన ఆ జాయప సేనానే 1253-54లో 'నృత్తరత్నావళి' అనే నాట్యశాస్త్ర గ్రంథం రాశాడు. అంటే లండన్లో ఎలుగుబంటి చేపలు పట్టిన మరుసటేడాదికల్లా మన దివిసీమ బిడ్డ అడుగులకీ అభినయానికీ శాస్త్రం రాస్తున్నాడు. కూచిపూడిలో కాపరం చేస్తున్నదాన్ని, ఆమాత్రం గర్వపడితే తప్పులేదు కదా!

గణపతిదేవుడు చేసిన ఇంకో పని మన కథకి మరీ ముఖ్యం. 1244లో మోటుపల్లి రేవులో ఆయన ఒక శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు, తుఫానుకి కొట్టుకొచ్చి తమ తీరాన చిక్కిన ఓడల్లో సరుకంతా లాగేసుకునేవారు. ఈయన మాత్రం అలా చెయ్యననీ, న్యాయమైన సుంకం మాత్రమే పుచ్చుకుని మిగతాది వర్తకులకే విడిచిపెడతాననీ రాతి మీద చెక్కించాడు. దాన్నే అభయశాసనం అన్నారు. ఆ 'అభయం' అనే మాట కొంగున ముడేసుకోండి. మళ్ళీ దానితో పని పడుతుంది.

* * *

తెల్ల ఎలుగుకి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మీకు తెలుసా? 1773లో ఉత్తర ధ్రువం వైపు ఓడలు నడిపిన ఫిప్స్ అనే ఇంగ్లీషు నౌకాధికారి, మరుసటేడు అచ్చువేసిన తన యాత్రాగ్రంథంలో దానికో లాటిన్ పేరు పెట్టాడు. ఆ పేరుకి అర్థం 'సముద్రపు ఎలుగు' అని. ఎంత సరైన పేరో! అమెరికా వాళ్ళు 1972లో సముద్ర జంతువుల రక్షణకి చట్టం చేసినప్పుడు తిమింగలాలతో పాటు దీన్నీ చేర్చారు. నాలుగు కాళ్ళూ, వొళ్ళంతా బొచ్చూ వున్న ఎలుగుబంటి సముద్ర జంతువెలా అయింది? ఎలాగంటే, దాని వంటిల్లు సముద్రంలో వుంది కనక.

మగ ఎలుగు ఆరువందల కిలోల దాకా తూగుతుంది. మన లెక్కలో ఎనిమిది ధాన్యం బస్తాలు. ఆడది అందులో సగం వుంటుంది. చూడ్డానికి పాలనురుగులా తెల్లగా వుంటుందా, ఆ బొచ్చు తొలగిస్తే లోపల చర్మం కాకి నలుపు! బొచ్చు కూడా నిజానికి తెలుపు కాదు, గాజుదారంలా రంగులేని వెంట్రుక. వెలుగు పడి తెల్లగా కనిపిస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట మునిగి కాకి హంస అయిందనీ, అందుకే ఆ వూరు హంసలదీవి అయిందనీ మనవాళ్ళు స్థలపురాణం చెబుతారు. ఈ ఎలుగు మాత్రం లోపల కాకి, పైకి హంస.

ఇది ముఖ్యంగా తినేది సీలు అనే సముద్ర జంతువుని. దాని వొంట్లో మాంసం కన్నా చర్మం కింద మందంగా వుండే కొవ్వు మీదే దీనికి మక్కువ. కొవ్వు తిని, మాంసం చాలాసార్లు వెనకాలే వచ్చే గుంటనక్కలకి వదిలేస్తుంది. ఆ చలిలో వొళ్ళు వెచ్చగా వుండాలంటే కొవ్వే దానికి కట్టెల పొయ్యి.

మరి సీలుని పట్టడం ఎలా? ఈతలో సీలుని మించలేదు. తెరిపి నీళ్ళలో సీలు చెయ్యి చాపినంత దూరంలో వున్నా ఎలుగుకి చిక్కదు. అందుకని అది మంచు మీద కూచుని వేటాడుతుంది. సముద్రం పైన గడ్డకట్టిన మంచు, కింద నీళ్ళు. నీళ్ళలో వున్న సీలుకి మనలాగే వూపిరి కావాలి. మంచులో గోళ్ళతో గీరి కన్నాలు చేసుకుని, అయిదు పది నిమిషాలకోసారి ముక్కు పైకి పెట్టి గాలి పీల్చుకుంటుంది. ఎలుగు ఆ కన్నం పక్కనే కదలకుండా కాచుకుంటుంది. ఒక్కోసారి గంటల తరబడి! కలుగు దగ్గర మన పిల్లి ఎలకకోసం పొంచి వుండడం చూశారుగా, అచ్చంగా అదే. ముక్కు బయటికి వచ్చిందా, పంజా పడుతుంది. లేదా, మళ్ళీ కాపలా. చాలాసార్లు వొట్టిచేతులతోనే లేచిపోతుంది.

వసంతకాలంలో సీళ్ళు మంచుపొరల కింద చిన్న గూళ్ళు చేసుకుని పిల్లల్ని పెడతాయి. ఎలుగుకి వాసన పట్టే గుణం ఎంతంటే, మీటరు మందం మంచు కింద వున్నా పసిగడుతుంది. వెనక కాళ్ళ మీద లేచి, రెండు ముందుకాళ్ళూ ఒక్కసారిగా బలంగా దించి ఆ గూటి కప్పు పగలగొడుతుంది. సీలు తల్లి తరఫున చూస్తే ఘోరమే. కాని ఎలుగు తల్లి తరఫున కూడా చూడాలి మరి.

కడుపుతో వున్న ఎలుగు చలికాలం మొదట్లో మంచులో గుహ తవ్వుకుని లోపలికి వెళుతుంది. అదే దాని పురిటిగది. మంత్రసాని లేదు, పథ్యం లేదు, అసలు తిండే లేదు. నిండు చలిలో సాధారణంగా ఇద్దరు పిల్లల్ని కంటుంది. అంత తల్లికీ పుట్టే పిల్ల ఎంతనుకున్నారు? అరకిలోకి కాస్త ఎక్కువ, అంతే! తల్లిపాలలో మాత్రం మూడోవంతు దాకా వెన్నే. గేదెపాలలో నూటికి ఏడుపాళ్ళుంటే మనం మీగడ కట్టిందని మురిసిపోతాం. ఆ వెన్నంతా తల్లి తన వొంట్లోంచి కరిగించి ఇవ్వాల్సిందే. కెనడాలోని హడ్సన్ అఖాతం దగ్గర కొన్ని తల్లులు ఎనిమిది నెలల దాకా ఏమీ తినకుండా వుంటాయట. మార్చి, ఏప్రిల్ నెలల్లో పిల్లల్ని వెంటేసుకుని బయటికి వచ్చిన ఆ తల్లి మొదట వెతికేది ఏమిటి? కాలు మోపడానికి మంచు. ఆ మంచు మీద కన్నం. ఆ కన్నంలో సీలు. రెండేళ్ళ పైన పిల్లలు తల్లి వెంటే తిరిగి ఆ విద్య నేర్చుకుంటాయి.

మా వూళ్ళో తరంగం ఆడే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకీ ఎలుగు గుర్తుకొస్తుంది. తరంగమంటే మీకు తెలుసు కదా! ఇత్తడి పళ్ళెం అంచు మీద పాదాలుంచి, నెత్తిన నీళ్ళచెంబు పెట్టుకుని, చుక్క తొణక్కుండా ఆడాలి. చూసేవాళ్ళం చెంబునీ, ముఖాన్నీ, చేతుల్నీ చూస్తాం. పళ్ళేన్ని ఎవరూ చూడరు. కాని ఆ పళ్ళెం లేకపోతే తరంగం లేదు. ఎలుగుకి సముద్రపు మంచు అలాంటి పళ్ళెం.

ఆ పళ్ళెం ఇప్పుడు కరుగుతోంది. 1979 నుంచీ ఉపగ్రహాలు ఆ మంచుని కొలుస్తున్నాయి. వేసవి చివర, సెప్టెంబరులో మిగిలే మంచు అప్పటికీ ఇప్పటికీ బాగా తగ్గిపోయింది. 2012 సెప్టెంబరులో అయితే మునుపెన్నడూ లేనంత తక్కువైంది. 2008లో అలాస్కాకి ఉత్తరాన శాస్త్రజ్ఞులు ఒక తల్లి ఎలుగు మెడకి యంత్రం కట్టి దాని ప్రయాణం గమనించారు. మంచుకోసం అది తొమ్మిది రోజులపాటు ఆగకుండా ఈదింది. 687 కిలోమీటర్లు! బెజవాడ నుంచి విశాఖపట్నం వెళ్ళి, మళ్ళీ బెజవాడ వచ్చినంత దూరం. చివరికి మంచు దొరికింది. కాని ఆ రెండు నెలల యాత్రలో దాని బరువులో అయిదోవంతు పైగా కరిగిపోయింది. వెంట బయల్దేరిన ఏడాది పిల్ల మిగల్లేదు.

ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఎలుగులకి అభయమిచ్చినవాళ్ళు లేకపోలేదు. వేటగాళ్ళు తుపాకులతో వాటిని తెగ చంపేస్తున్నారని 1973లో నార్వేలోని ఓస్లోలో అయిదు దేశాలు కూచుని ఒడంబడిక రాసుకున్నాయి. కెనడా, డెన్మార్కు, నార్వే, అమెరికా, సోవియట్ రష్యా. అమెరికా రష్యాలు ఒకళ్ళంటే ఒకళ్ళు నిప్పులు కక్కుకునే రోజులవి. అయినా తెల్ల ఎలుగు దగ్గర కలిసి సంతకాలు పెట్టాయి. ఆ పుణ్యాన తుపాకుల జోరు తగ్గింది. మొత్తం ఇరవై ఆరువేల దాకా వుంటాయని 2015లో అంచనా వేశారు. కాని సంతకాలతో తుపాకీ ఆగుతుంది గాని మంచు కరగడం ఆగదు కదా! పళ్ళెం మీద నించున్నవాణ్ణి కొట్టమని మాటిచ్చి, పళ్ళెం లాగేసినట్టుంది మన వ్యవహారం.

మనవాళ్ళు కూడా ఆ దేశం చూసి వచ్చారు సుమండీ! 2008లో నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో మన దేశం 'హిమాద్రి' అనే పరిశోధనాలయం పెట్టింది. ఆ వూళ్ళో ఇళ్ళకి తాళాలు వెయ్యరట. ఎలుగు ఎదురుపడితే ఎవరైనా ఏ ఇంట్లోకైనా పరుగెత్తి తలుపేసుకోవాలి కనక! దొంగల భయంతో మనం తాళం వేస్తాం, ఎలుగు భయంతో వాళ్ళు తాళం తీసి వుంచుతారు.

* * *

ఇక మన కృష్ణమ్మ పాదాల దగ్గరికి వద్దాం.

పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండుగా చీలి దివిసీమని వొడిలో పెట్టుకుని సముద్రంలో కలుస్తుంది. పులిగడ్డలో ఇప్పుడు పులి లేదు. కాని పులికి చిన్న చుట్టం ఒకటి ఆ దిగువన వుంది. నీటి పిల్లి అంటారు, బావురు పిల్లి అనీ అంటారు. 1833లో బెన్నెట్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రజ్ఞుడు దీన్ని మొదటిసారి గ్రంథస్థం చేస్తూ, పునుగుపిల్లిలా వుందనే అర్థంతో పేరు పెట్టాడు. తిరుమల స్వామికి శుక్రవారం అభిషేకమయ్యాక పునుగు తైలం రాస్తారే, ఆ పునుగు. నిజానికి రెంటికీ చుట్టరికం దూరం. ఏదో పోలిక కనిపించింది, పేరు పడిపోయింది. ఆడపిల్లకి మేనత్త పోలికని పేరు పెట్టెయ్యడం మనకి మాత్రం కొత్తా?

మన ఇంటి పిల్లికి రెండింతలుంటుంది. మగది పదిహేను కిలోల దాకా వుంటుంది. బూడిదరంగు వొంటి మీద నల్లచుక్కలు, నుదుటి మీద చారలు, పొట్టి తోక. ఇంటి పిల్లి మీద నీళ్ళు చిలకరించి చూడండి, ఇల్లెక్కి కూచుంటుంది. ఇది అలా కాదు. నీళ్ళ వొడ్డున పొంచి కూచుని, చేప పైకి తేలగానే పంజాతో కొట్టి లాగుతుంది. లేదంటే మోకాలిలోతు నీళ్ళలో దిగి తడుముతుంది. అవసరమైతే తలతో సహా మునిగి చేపని పట్టుకుంటుంది. వేళ్ళ మధ్య కొద్దిపాటి చర్మం, గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. వొంటి మీద బొచ్చు రెండు వరసలు. లోపలి వరస ఎంత దట్టమంటే నీరు చర్మం దాకా దిగదు.

ఇంతకు ముందు చెప్పిన ఎలుగుకీ అంతే! దానికీ రెండు వరసల బొచ్చు, వేళ్ళ మధ్య చర్మం. ఎలుగు మంచుకన్నం దగ్గర కాస్తుంది, ఇది మడకాలువ వొడ్డున కాస్తుంది. ఒకటి ఆరువందల కిలోలు, ఒకటి పదిహేను కిలోలు. విద్య మాత్రం ఒక్కటే. ఓపిగ్గా అంచున కూచోడం.

దీని పళ్ళెం ఏమిటంటే మడ అడవి. ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసే బురదలో మొలిచే తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్ల అడవి. బురదలో గాలి ఆడదు కనక మడచెట్ల వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు నేలలోంచి పైకి పొడుచుకొచ్చి వూపిరి పీల్చుకుంటాయి. అక్కడ సీలు మంచుకి కన్నం చేసి గాలి పీలిస్తే, ఇక్కడ చెట్టే బురదలోంచి ముక్కు పైకెత్తింది. ఆ వేళ్ళ సందుల్లో పీతలు, రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగుతాయి. సముద్రానికి అది పసిపిల్లల బడి. చేపలున్నచోట పిల్లి. పగలంతా పొదల్లో పడుకుని చీకటి పడ్డాక వేటకి బయల్దేరుతుంది. చేపలే కాదు, పొలాల్లో ఎలకల్ని కూడా తింటుంది. ఆ మాట రైతులు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

ఆ మడకి ఏం జరిగిందన్నదే మన డెల్టా చరిత్రలో ఒక పేజీ. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి వచ్చింది, మన కడుపులు నిండాయి. 1957లో ప్రకాశం బరాజి వచ్చింది. పైన ప్రతి చుక్కా పైరుకి వాడుకున్నకొద్దీ కింద సముద్రం దగ్గరికి చేరే మంచినీళ్ళు తగ్గాయి. వంటచెరుకుకీ, పశువుల మేతకీ మడ కొట్టుకున్నారు. తర్వాత 1980ల చివరి నుంచీ రొయ్య వచ్చింది. ఎకరాల కొద్దీ చెరువులు. రొయ్య అమ్మినవాళ్ళ ఇంట్లో డబ్బు నిండింది. తీరం పొడుగునా చిత్తడి నేలల్నీ, అక్కడక్కడ మడనీ తవ్వేశారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు మనమంతా కళ్ళు మూసుకున్నాం. ఇతరుల్ని అనడమెందుకు? నా చేతికున్న గాజుల జత మా తమ్ముడు ఆ రోజుల్లో పసుపుకుంకుమల కింద పెట్టిందే. రొయ్యల డబ్బే.

అభయం లేదా అంటే, వుంది. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో ఈ పిల్లి మొదటి షెడ్యూలులో, పులి సరసన కూచుంది. 1989లో కృష్ణ సంగమం దగ్గర మడ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద గట్టి తీర్పిచ్చింది. తర్వాత అటవీశాఖా, స్వచ్ఛంద సంస్థలూ, వూళ్ళవాళ్ళూ కలిసి ఎండిపోయిన మడనేలల్లో చేపముల్లు ఆకారంలో చిన్నచిన్న కాలవలు తవ్వి, ఆటుపోట్ల నీళ్ళు మళ్ళీ పారించి మొక్కలు నాటారు. చాలాచోట్ల బతికాయి. గోదావరి వైపు కోరంగి అభయారణ్యంలో 2018లో కెమెరాలు పెట్టి లెక్క తీస్తే 115 నీటి పిల్లులు తేలాయి. కాని పిల్లికి సరిహద్దురాళ్ళు చదవడం రాదుగా! అడవి దాటి చెరువు గట్ల మీదికొస్తుంది. అక్కడ మా తమ్ముడి లాంటివాళ్ళు కరెంటు తీగ పట్టుకుని వుంటారు.

* * *

మాటిచ్చినట్టే వెళ్ళాను. మనవరాల్ని కూడా తీసుకెళ్ళాను. సాయంత్రం చెరువు గట్టు మీద నులకమంచం వేసుకుని కూచున్నాం. అవతల మురుగుకాలవ, దాని పక్కన ఇంకా కొట్టకుండా మిగిలిన మడ చారెడు. బురదలో గుండ్రటి పాదాల గుర్తులు చూపించాడు కాపలా మనిషి. పెద్ద పాదాలు ఒక జత, పక్కనే చిన్నవి. "పిల్లల తల్లండీ అమ్మగారూ. రెండు పిల్లలు. నేను చూశాను" అన్నాడు.

"చూశావా, తల్లట!" అన్నాను తమ్ముడితో.

"తల్లయితే నాకేంటక్కా? చేపలు తినేది అది, అప్పు తీర్చేది నేను" అన్నాడు. వాడి మాటా అబద్ధం కాదు. మేత ధర వాడికి తెలుసు, బ్యాంకు వడ్డీ వాడికి తెలుసు. కథలు చెప్పే అక్కకేం తెలుసు?

కాసేపు వూరుకుని అన్నాను. "డెబ్భై ఏడులో నిన్ను పట్టుకున్నదెవర్రా?"

వాడు మాట్లాడలేదు. 1977 నవంబరు 19. దివిసీమవాళ్ళకి ఆ తేదీ చెబితే చాలు, సంవత్సరం చెప్పక్కర్లేదు. సముద్రం అయిదు మీటర్ల పైన లేచి వూళ్ళ మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. అంతకు ముందు 1864 నవంబరు 1న బందరు మీద పడ్డ ఉప్పెనలో ముప్ఫైవేల మంది దాకా పోయారని పెద్దలు చెప్పుకునేవారు గాని, మనకాలంలో కూడా అలాంటిది వస్తుందని ఎవరనుకున్నారు? నేనప్పటికి కూచిపూడి కాపరానికి వచ్చేశాను. మా తమ్ముడికి పదేళ్ళు. ఆ రాత్రంతా ముళ్ళు గుచ్చుకుంటున్నా వదలకుండా తుమ్మచెట్టుని కావలించుకుని బతికాడు. వాడి చేతుల మీద ఆ గీతలు ఇప్పటికీ వున్నాయి.

"నిన్ను పట్టుకున్నది చెట్టేరా. ఆ అవతలున్న మడ కూడా చెట్టే. 2004లో సునామీ వచ్చినప్పుడు తమిళనాడు కడలూరు తీరంలో చెట్లు దట్టంగా వున్నచోట వెనక వూళ్ళకి దెబ్బ తక్కువ తగిలిందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చెప్పారు. ఈ పిల్లి తిరుగుతోందంటే మడ ఇంకా బతికుందని గుర్తు. అది పోయిన రోజు మడ పోయిందని గుర్తు. మడ పోతే సముద్రానికీ నీ మంచానికీ మధ్య ఏముందిరా?"

"నువ్వు బళ్ళో పంతులమ్మవి కావలసిందక్కా" అన్నాడు విసుగ్గా. కాని తీగ మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున కాపలా మనిషితో, కాలవ వైపు గట్టున వల ఎత్తు పెంచమనీ, ఆ చారెడు మడ జోలికి పోవద్దనీ చెప్పడం విన్నాను. "ఈ పంట దాకా చూస్తా. నష్టమెక్కువైతే మాత్రం నా ఇష్టం" అని నాకు వినబడేలా అన్నాడు. గణపతిదేవుడి శాసనమంత గట్టిది కాదు గాని, అదీ ఒక అభయమే అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూచుని నేను ఆలోచించింది ఇదే. మనం అభయమివ్వడం నేర్చుకున్నాం. ఎలుగుకి ఒడంబడిక రాశాం, పిల్లికి చట్టం రాశాం. ప్రాణిని చంపమని మాటిచ్చాం, మంచిదే. కాని ఆ ప్రాణి కాలు మోపిన చోటుకి కూడా అభయమివ్వకపోతే ఆ మాటకి అర్థం లేదు. ఎలుగు కింద మంచు, పిల్లి కింద మడ. ఆ మడ వెనకాలే మన వాకిళ్ళూ, మన ముగ్గులూ, మన పిల్లలూ. పళ్ళెం ఒకటే, నించున్నవాళ్ళం అందరం.

ఇంటికొచ్చాక మనవరాలు మళ్ళీ కాగితం ముందేసుకుంది. పెంగ్విన్ని రబ్బరుతో శుభ్రంగా చెరిపేసింది. "ఆ ఖాళీలో నీటి పిల్లిని వెయ్యనా అమ్మమ్మా?" అని అడిగింది.

"వద్దే, దానికి వేరే కాగితం తీసుకో. అది మంచు మీద బతకదు" అన్నాను. కొత్త కాగితం తీసి చెవులు గీయబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను.

"ముందు మడ గియ్యి తల్లీ. పిల్లి తర్వాత వస్తుంది."